గిలకకు వేసిన మెష్ ఇరవయ్యేళ్ళ తర్వాత ఏం చేస్తుంది?

ప్రశ్న: నా వయసు 54. గుంటూరు జిల్లాలో ఒక రైసు మిల్లులో గుమాస్తాగా పని చేస్తున్నాను. కాటా దగ్గర గంటల తరబడి నిలబడాలి, అవసరమైనప్పుడు బస్తాకు ఒక చెయ్యి వేయకా తప్పదు. రెండేళ్ళుగా కుడి గజ్జలో, ఆరు నెలలుగా ఎడమ గజ్జలో కూడా ఉబ్బు కనిపిస్తోంది. పడుకుంటే లోపలికి పోతుంది. నొప్పి పెద్దగా లేదు గానీ సాయంత్రానికి బరువుగా లాగినట్టు ఉంటుంది. సర్జన్ గారు చూసి రెండువైపులా గిలక (హెర్నియా) ఉందని, లాప్రోస్కోపీ ద్వారా మెష్ వేద్దామని చెప్పారు. మా బావమరిదికి ఏడేళ్ళ క్రితం కోసి మెష్ వేశారు. ఆయనకు ఇప్పటికీ అక్కడ మంట, సూదులు గుచ్చినట్టు పోట్లు. డల్లాస్‌లో ఉన్న మా పెద్దల్లుడేమో అక్కడి టీవీల్లో మెష్ మీద కేసులు వేయమంటూ లాయర్ల ప్రకటనలు వస్తుంటాయని, తొందరపడవద్దని అంటున్నాడు. ఆపరేషన్ రోజు గురించి నాకు భయం లేదు. పదేళ్ళకో ఇరవయ్యేళ్ళకో ఆ మెష్ నా ఒంట్లో ఏం చేస్తుందన్నదే నా దిగులు. మాఘమాసంలో మా చిన్నమ్మాయి పెళ్ళి ఉంది. అప్పటిదాకా ఆగవచ్చా?

సమాధానం: గిలక ఆపరేషన్ గురించి రాసేవారిలో ఎక్కువమంది అడిగేది ఎన్ని కుట్లు పడతాయి, ఎన్నాళ్ళు సెలవు పెట్టాలి అనే. మీరు ఇరవయ్యేళ్ళ తర్వాతి సంగతి అడిగారు. అడగవలసిన ప్రశ్న అదే కాబట్టి సమాధానం కొంచెం పొడుగైనా ఓపిక పట్టండి.

మెష్ నిన్నమొన్నటి వస్తువేమీ కాదు. ప్లాస్టిక్ దారంతో అల్లిన వలను హెర్నియాకు వాడటం 1950ల చివర్లో అమెరికాలోని టెక్సాస్‌లో ఫ్రాన్సిస్ అషర్ అనే సర్జన్ మొదలుపెట్టారు. ఆ తర్వాత పాలీప్రొపిలీన్ అనే పదార్థం స్థిరపడింది, నేటికీ ఎక్కువగా వాడుతున్నది అదే. గజ్జలో కోసి, కండరాలను బిగదీసి కుట్టకుండా, వాటి మీద మెష్‌ను పరిచే పద్ధతిని లాస్ ఏంజెలెస్‌లో లిక్టెన్‌స్టైన్ బృందం 1984లో మొదలుపెట్టింది. చిన్న రంధ్రాల నుంచి కెమెరా దించి లోపలి వైపున మెష్ వేసే లాప్రోస్కోపీ పద్ధతి 1990ల తొలి సంవత్సరాల్లో వచ్చింది. అంటే మీకు చేస్తామన్న ఆపరేషన్‌కు మూడు దశాబ్దాలు దాటిన చరిత్ర ఉంది. ఇరవయ్యేళ్ళు మెష్‌తో బతికినవారు ఇప్పుడు లోకంలో లక్షల సంఖ్యలో ఉన్నారు. కనుక మీ ప్రశ్నకు జోస్యం చెప్పనక్కరలేదు, జరిగినదాన్ని చూసి చెప్పవచ్చు.

ఆపరేషన్‌లో ఏం చేస్తారో ముందు తెలిస్తే తర్వాతి విషయాలు సులువుగా అర్థమవుతాయి. కాలవ గట్టుకు బుంగ పడటం డెల్టా ప్రాంతం వారికి కొత్త కాదు. బయటి వైపు నుంచి మట్టి పోసి పూడిస్తే నీటి ఒత్తిడి ఆ మట్టిని రోజూ బయటికి నెడుతూనే ఉంటుంది. నీళ్ళ వైపు నుంచి అడ్డు పెడితే అదే ఒత్తిడి ఆ అడ్డును గట్టుకు అదిమి పట్టి ఉంచుతుంది. కోసి చేసే ఆపరేషన్‌లో మెష్ కండరాల బయటి పొరల మధ్య పడుతుంది. లాప్రోస్కోపీలో పొట్ట లోపలి పొరకూ కండరాలకూ నడుమ, అంటే నీళ్ళ వైపున పడుతుంది. మీరు దగ్గినా తుమ్మినా బస్తా ఎత్తినా పొట్టలోని ఒత్తిడి మెష్‌ను గోడకే నొక్కుతుంది. పైగా గజ్జలో గిలక దిగడానికి ఉన్న బలహీనమైన చోట్లన్నీ, తొడ మొదట్లోని సన్నని సందుతో సహా, ఒకే మెష్ కిందికి వస్తాయి. పొట్టలోకి వెళ్ళకుండా పొరల మధ్యనుంచే చేసే పద్ధతిని టెప్ అని, పొట్టలోకి వెళ్ళి పొరను తెరిచి మెష్ పరిచి మళ్ళీ మూసే పద్ధతిని టాప్ అని అంటారు. దీర్ఘకాలిక ఫలితాల్లో ఈ రెండింటికీ చెప్పుకోదగ్గ తేడా లేదు. మీ సర్జన్‌కు ఏది బాగా అలవాటో అదే మీకు మంచిది.

ఇక గిలక మళ్ళీ తిరగబెట్టడం సంగతి. ఇక్కడ మిమ్మల్ని కాస్త కలవరపెట్టే లెక్క ఒకటి ముందే చెబుతాను, ఎందుకంటే ఇంటర్నెట్‌లో వెతికితే మీ అల్లుడికి అదే మొదట కనిపించవచ్చు. అమెరికాలో మాజీ సైనికుల ఆసుపత్రులు 14 కలిసి జరిపిన ఒక పెద్ద పరిశోధన ఫలితాలు 2004లో వెలువడ్డాయి. అందులో రెండేళ్ళు తిరిగేసరికి లాప్రోస్కోపీ చేయించుకున్నవారిలో 10.1 శాతం మందికి గిలక తిరగబెట్టింది. కోసి మెష్ వేయించుకున్నవారిలో అది 4.9 శాతమే. చూడగానే కొత్త పద్ధతి చెడ్డదనే అనిపిస్తుంది. అయితే అదే పరిశోధనలో, అంతకుముందు 250కి పైగా ఇలాంటి ఆపరేషన్లు చేసిన సర్జన్ల చేతిలో లాప్రోస్కోపీ తర్వాత తిరగబెట్టడం దాదాపు సగానికి తగ్గింది. కోసి చేసే ఆపరేషన్‌లో సర్జన్ అనుభవం వల్ల అంత తేడా కనిపించలేదు.

స్వీడన్‌లో జరిగిన మరో పరిశోధన ఈ విషయాన్ని ఇంకా సూటిగా చూపింది. అక్కడ టెప్ పద్ధతినీ లిక్టెన్‌స్టైన్ పద్ధతినీ పోల్చి, రోగులను అయిదేళ్ళ పాటు చూశారు. టెప్ చేసినవారిలో 3.5 శాతానికి, కోసి చేసినవారిలో 1.2 శాతానికి గిలక తిరగబెట్టింది. కానీ టెప్ వర్గంలో తిరగబెట్టిన కేసుల్లో మూడో వంతు ఒకే ఒక్క సర్జన్ చేసినవి. ఆ ఒక్కరినీ లెక్కలోంచి తీసేస్తే 3.5 కాస్తా 2.4 అయింది. ఒక దేశపు పరిశోధన ఫలితాన్ని ఒక మనిషి చెయ్యి అంతగా మార్చగలిగింది. మెష్ మంచిదా చెడ్డదా అని వాదించుకునేవారు ఈ ఒక్క లెక్క దగ్గర కాసేపు ఆగితే బాగుంటుందని నాకు అనిపిస్తుంది.

అనుభవం చాలని చేతిలో ఎందుకు తిరగబెడుతుందంటే, కారణాలు చాలావరకు మొదటి రోజే పడిపోతాయి. పొరలను తగినంత వెడల్పుగా విడదీయకపోవడం, మెష్ చిన్నది వేయడం, వేసిన మెష్ అంచు మడతపడటం, వీర్యనాళాన్ని అంటిపెట్టుకుని ఉన్న కొవ్వు ముద్దను గమనించక వదిలేయడం, తొడ దగ్గరి సందులో దాగిన రెండో గిలకను చూడకపోవడం వంటివే ముఖ్యమైనవి. మెష్ ఒంట్లో పడ్డాక దాని రంధ్రాల గుండా మన కణజాలం పెరుగుతుంది, మచ్చ గట్టిపడే కొద్దీ మెష్ కొంత ముడుచుకుంటుంది. ఆ ముడుచుకోవడాన్ని కూడా ముందే లెక్కలో పెట్టుకుని ఒక్కో వైపు కనీసం 10 సెంటీమీటర్ల వెడల్పు, 15 సెంటీమీటర్ల పొడవున్న మెష్ వేయాలని అంతర్జాతీయ మార్గదర్శకాలు చెబుతున్నాయి. రంధ్రం రూపాయి బిళ్ళంత ఉంటే అరచేతికి మించిన మెష్ ఎందుకని కొందరు అడుగుతారు. ఎందుకో ఇప్పుడు మీకు తెలిసింది.

మెష్ బరువు గురించి కూడా ఒక మాట. పలచని మెష్ అయితే ఒంటికి తేలిగ్గా ఉంటుందని, నొప్పి తగ్గుతుందని చాలాకాలం ప్రచారం జరిగింది. కోసి చేసే ఆపరేషన్‌లో దానికి కొంత ఆధారం ఉంది. లాప్రోస్కోపీలో మాత్రం పలచని మెష్ వల్ల నొప్పి తగ్గినట్టు తేలలేదు. నెదర్లాండ్స్‌లో టెప్ చేయించుకున్నవారిని అయిదేళ్ళు పరిశీలించినప్పుడు, మామూలు బరువైన మెష్ కంటే పలచని మెష్ వేసినవారిలోనే గిలక ఎక్కువగా తిరగబెట్టింది. కాబట్టి ఖరీదైన తేలికపాటి మెష్ అంటూ ఎవరైనా ఊరిస్తే మీరు వెనకాడవచ్చు.

రెండు వైపులా గిలక ఉండటం ఇక్కడ మీ నిర్ణయాన్ని తేలిక చేస్తోంది. కోసి చేస్తే రెండు చోట్ల కోయాలి. లాప్రోస్కోపీలో అవే మూడు రంధ్రాల నుంచి రెండు వైపులా మెష్ వేయవచ్చు. అందుకే రెండువైపుల గిలకకు, అనుభవమున్న సర్జన్ దొరికినంతవరకు, లాప్రోస్కోపీనే మేలని మార్గదర్శకాలు స్పష్టంగా చెబుతున్నాయి. మీ సర్జన్ గారి సలహా సరైనదే. మళ్ళీ ఎప్పుడైనా తిరగబెట్టినా దారి మూసుకుపోదు. లోపలి నుంచి చేసినదానికి ఈసారి ముందు నుంచి కోసి, ఎవరూ ముట్టుకోని పొరల్లో బాగుచేయవచ్చు.

తిరగబెట్టడం కంటే నేను ఎక్కువ శ్రద్ధగా చూసేది నొప్పిని. ఆపరేషన్ అయిన మూడు నెలల తర్వాత కూడా నిలిచిపోయిన నొప్పిని దీర్ఘకాలిక నొప్పి అంటారు. అన్ని పద్ధతులూ కలుపుకుంటే గజ్జ గిలక ఆపరేషన్ తర్వాత పదిమందిలో ఒకరికి ఏదో ఒక స్థాయిలో అది ఉంటుంది. రోజువారీ పనికి అడ్డు తగిలేంత నొప్పి అయితే వేర్వేరు లెక్కల ప్రకారం 0.5 నుంచి 6 శాతం మందిలో కనిపిస్తుంది. తిరగబెట్టిన గిలకను మళ్ళీ బాగుచేయవచ్చు. నరం దెబ్బతిని వచ్చిన నొప్పిని వదిలించడం అంత సులువు కాదు. అయినా చాలాకాలం పాటు సర్జన్లు తిరగబెట్టడాన్నే లెక్కపెట్టుకుంటూ, నొప్పి గురించి రోగిని అడగనే లేదన్నది మా వృత్తిలో ఒప్పుకోవలసిన తప్పు.

ఈ విషయంలో లాప్రోస్కోపీ వైపే మొగ్గు ఉంది. పైన చెప్పిన స్వీడన్ పరిశోధనలోనే అయిదేళ్ళ తర్వాత నొప్పి ఎంతో కొంత ఉందన్నవారు టెప్ వర్గంలో 9.4 శాతం, కోసి చేసిన వర్గంలో 18.8 శాతం. ఒక మోస్తరు నుంచి తీవ్రమైన నొప్పి వరకు ఉన్నవారిని మాత్రమే లెక్కిస్తే 1.9, 3.5 శాతం. అంటే రెండు రకాల లెక్కలోనూ దాదాపు సగం. దీనికి కారణం గజ్జ నిర్మాణంలోనే ఉంది. ముందు నుంచి కోసినప్పుడు కత్తి దారిలోనే మూడు సన్నని నరాలు అడ్డం వస్తాయి, వాటిలో ఏదైనా కుట్టులోనో మచ్చలోనో చిక్కుకోవచ్చు. లోపలి నుంచి చేసేటప్పుడు ఆ నరాల జోలికి వెళ్ళనక్కరలేదు. అయితే అక్కడా ఒక ప్రమాదస్థలం ఉంది. మెష్ కదలకుండా కొందరు చిన్న మేకుల వంటి బిగింపులు కొడతారు. వాటిని నరాలు వెళ్ళే వెలుపలి భాగంలో కొడితే తొడకు జీవితాంతం మంట మిగలవచ్చు. ఆ చోటును సర్జన్లు నొప్పి త్రికోణం అని పిలుచుకుంటారు. టెప్ పద్ధతిలో దాదాపు ఎవరికీ ఈ బిగింపులు అవసరం లేదు, నేరుగా గోడ చిల్లుపడి వచ్చిన మరీ పెద్ద గిలకలకు మాత్రం మెష్‌ను బిగించడం మంచిది.

నొప్పి ఎవరికి మిగిలే అవకాశం ఎక్కువో కూడా కొంతవరకు ముందే చెప్పవచ్చు. వయసులో చిన్నవారికి, స్త్రీలకు, ఆపరేషన్‌కు ముందే గజ్జలో నొప్పి బాగా ఉన్నవారికి, శరీరంలో ఇతర చోట్ల దీర్ఘకాలిక నొప్పులున్నవారికి ఆ అవకాశం ఎక్కువ. ఉబ్బు కనబడకుండా నొప్పి మాత్రమే ఉండి, స్కానింగ్‌లో చిన్న గిలక దొరికిందని ఆపరేషన్ చేయించుకున్నవారు తర్వాత నిరాశపడటం అందుకే. మీ విషయంలో ఉబ్బు స్పష్టంగా ఉంది, నొప్పి పెద్దగా లేదు, వయసు యాభై దాటింది. ఆ లెక్కన మీరు మంచి ఫలితాన్నే ఆశించవచ్చు.

మీ బావమరిది గారి సంగతి ఇక్కడే చెప్పాలి. ఏడేళ్ళుగా మంట, సూదిపోట్లు అంటే అది నరం నొప్పి లక్షణమే. అయినా మెష్ వేశారు కాబట్టి ఇంతే అని ఆయన సర్దుకుపోనక్కరలేదు. ముందుగా గిలక తిరగబెట్టిందేమో పరీక్ష, స్కానింగ్ ద్వారా చూడాలి. తుంటి కీలు, నడుము వెన్నుపూసల నుంచి వచ్చే నొప్పి కూడా గజ్జలోనే తెలుస్తుంది గనుక వాటినీ చూడాలి. తర్వాత నరాల నొప్పికి వాడే మందులు, అనుమానమున్న నరం దగ్గర మత్తు ఇంజెక్షన్ ఇచ్చి చూడటం ఉంటాయి. ఆ ఇంజెక్షన్‌తో నొప్పి పూర్తిగా పోతే ఏ నరమో తేలినట్టే, కొందరికి అదే చికిత్స కూడా అవుతుంది. ఇవేవీ పనిచేయనప్పుడు ఆ నరాలను కత్తిరించే ఆపరేషన్, అవసరమైతే మెష్‌ను తీసే ఆపరేషన్ ఉన్నాయి. మెష్‌ను తీయడం వేసినంత తేలిక కాదు కాబట్టి, అలాంటివి తరచుగా చేసే చోటే చేయించుకోవాలి. ఆయనను నొప్పి చికిత్స విభాగం ఉన్న ఆసుపత్రికి తీసుకెళ్ళండి.

ఇప్పుడు అల్లుడు గారి లాయర్ల ప్రకటనలు. మెష్ అన్న ఒకే పేరు కింద వేర్వేరు వస్తువులు, వేర్వేరు ఆపరేషన్లు కలిసిపోవడం వల్ల ఈ భయం పెరిగింది. గర్భసంచి, మూత్రాశయం జారిన స్త్రీలకు యోని ద్వారా వేసే మెష్ వల్ల చాలామంది నిజంగానే బాధపడ్డారు. ఆ పని కోసం తయారైన మెష్‌ల అమ్మకాన్ని అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ 2019 ఏప్రిల్‌లో ఆపించింది. అది మీ ఆపరేషన్ కాదు. హెర్నియా మెష్‌ల మీద కూడా అమెరికాలో వేల కేసులు నడిచాయి, వాటిలో పెద్ద భాగం పొట్ట ముందు గోడ హెర్నియాలకు వేసే, పైన ప్రత్యేకమైన పొర ఉన్న మెష్‌ల గురించి. అలాంటి ఒక మెష్‌ను, డెన్మార్క్, జర్మనీ దేశాల హెర్నియా ఆపరేషన్ల రిజిస్టర్లలో ఎక్కువగా తిరగబెడుతున్నట్టు కనిపించాక, తయారీదారులే 2016లో మార్కెట్ నుంచి వెనక్కు తీసుకున్నారు. గజ్జ గిలక మెష్‌ల మీద అసలు కేసులే లేవని నేను అనను, ఉన్నాయి. కానీ ప్రకటన ఎన్నిసార్లు వచ్చిందన్నదాన్ని బట్టి ప్రమాదం ఎంతో లెక్కకట్టలేము.

మామూలు పాలీప్రొపిలీన్ మెష్ ఒంట్లో కరగదు, జీవితాంతం ఉంటుంది. మొదటి వారాల్లో దాని చుట్టూ కొంత వాపు వచ్చి, క్రమంగా కణజాలం అల్లుకుని గోడలో భాగమైపోతుంది. దానివల్ల మనుషుల్లో క్యాన్సర్ వచ్చినట్టు ఆధారం లేదు. హెర్నియా మెష్ వేయించుకున్న మగవారిని పెద్ద సంఖ్యలో పరిశీలించినప్పుడు కీళ్ళవాతం వంటి రోగనిరోధక వ్యాధులు పెరిగినట్టు కూడా కనిపించలేదు. ఎంఆర్ఐ స్కాన్‌కు అది అడ్డు కాదు, విమానాశ్రయంలో కూత కూయదు. చీము పట్టడం లాప్రోస్కోపీలో చాలా అరుదు, నూటికి ఒకరి కంటే తక్కువ. అయితే పడితే మాత్రం మెష్ తీయవలసి రావచ్చు. మెష్ మూత్రాశయంలోకో పేగులోకో చొచ్చుకుపోయిన సంఘటనలు వైద్య పత్రికల్లో విడివిడిగా నమోదయ్యాయి. అవి ఉన్నాయని మీకు తెలియాలి, అవి ఎంత అరుదో కూడా తెలియాలి.

మెష్ ఎంత సాధారణమైన వస్తువో చెప్పే కథ ఒకటి మన దేశంలోనే ఉంది. మహారాష్ట్రలోని దొండాయిచా అనే చిన్న ఊళ్ళో డాక్టర్ రవీంద్రనాథ్ తోంగావ్‌కర్ అనే సర్జన్, ఖరీదైన మెష్ కొనలేని పల్లె రోగులకు, దోమతెర గుడ్డను శుద్ధిచేసి వాడి చూపించారు. తర్వాత ఉగాండాలో 302 మంది మగవారి మీద పద్ధతి ప్రకారం పరిశోధన జరిపి 2016లో ఫలితాలు ప్రకటించారు. ఏడాది తర్వాత దోమతెర మెష్ వేసినవారిలో ఒక్కరికి గిలక తిరగబెట్టింది, కంపెనీ మెష్ వేసినవారిలో ఎవరికీ తిరగబెట్టలేదు. అవి కోసి చేసిన ఆపరేషన్లు. మీరు ఇంట్లోంచి దోమతెర పట్టుకెళ్ళమని దీనర్థం కాదు గానీ, మెష్ ధరకూ ఫలితానికీ ఉన్న సంబంధం అనుకున్నంత గట్టిది కాదని మాత్రం తెలుస్తుంది.

మగవారు అడగడానికి మొహమాటపడే విషయాన్ని కూడా చెబుతాను. వృషణానికి రక్తం అందక అది కుంచించుకుపోవడం నూటికి ఒకరి కంటే తక్కువమందిలో జరుగుతుంది. మెష్ వల్ల దాంపత్య జీవితం దెబ్బతింటుందన్న భయానికి ఆధారం లేదు. గిలక వల్ల ఉన్న ఇబ్బంది తొలగి పరిస్థితి మెరుగుపడేవారే ఎక్కువ. కొద్దిమందికి మాత్రం ఆ సమయంలో గజ్జలో నొప్పి రావచ్చు.

యాభై దాటిన మగవారికి నేను తప్పక చెప్పేది ప్రొస్టేట్ గురించి. లాప్రోస్కోపీ మెష్ వేసే పొరలూ, ప్రొస్టేట్ క్యాన్సర్‌కు ఆ గ్రంథిని తొలగించేటప్పుడు సర్జన్ వెళ్ళే పొరలూ పక్కపక్కనే ఉంటాయి. మెష్ పడ్డాక అక్కడ పొరలు అతుక్కుపోయి, రేపు ఎప్పుడైనా ఆ ఆపరేషన్ అవసరమైతే కొంత కష్టమవుతుంది. అసాధ్యం కాదు, అనుభవజ్ఞులు చేస్తున్నారు. అయినా మీకు మూత్రధార సన్నబడటం, రాత్రిళ్ళు పదేపదే లేవడం వంటివి ఉంటే గిలక ఆపరేషన్‌కు ముందే చెప్పి ప్రొస్టేట్ పరీక్ష చేయించుకోండి. ముక్కి ముక్కి మూత్రం పోయడం గిలకకూ చెరుపే. పూర్తి మత్తు ఇచ్చిన తర్వాత ఆ రాత్రి మూత్రం ఆగిపోయే అవకాశం కూడా ప్రొస్టేట్ పెరిగినవారికే ఎక్కువ. ఇదివరకే ప్రొస్టేట్ ఆపరేషనో రేడియేషనో అయినవారికి మాత్రం కోసి చేయడమే మంచిది.

అసలు మెష్ లేకుండానే చేయించుకోవచ్చు కదా అని మీ అల్లుడు అడగవచ్చు. చేయించుకోవచ్చు. కెనడాలోని ఒంటారియో రాష్ట్రంలో షౌల్డైస్ ఆసుపత్రి సర్జన్లు దశాబ్దాలుగా పొరలు పొరలుగా కుట్టి చేస్తూ నూటికి దాదాపు ఒకరికే తిరగబెట్టేలా చూస్తున్నారు. అదే రాష్ట్రంలోని మామూలు ఆసుపత్రుల్లో తిరగబెట్టడం అయిదు శాతం దగ్గర ఉంది. వాళ్ళు బరువెక్కువ ఉన్నవారిని తగ్గించుకుని రమ్మంటారన్నదీ, రోజంతా అదే పని చేస్తారన్నదీ మరిచిపోకూడదు. పుణెకు చెందిన డాక్టర్ దేసార్డా రోగి సొంత కండరపు పొర నుంచే ఒక పట్టీ తీసి అడ్డుగా కుట్టే పద్ధతిని 2001లో ప్రచురించారు. ఒకవైపు గిలక ఉన్న, మెష్ వద్దని గట్టిగా అనుకునే మనిషికి ఇవి మంచి దారులే. రెండువైపులా ఉన్న మీకు, ఆ పద్ధతిలో ఆరితేరిన సర్జన్ అందుబాటులో లేకపోతే, నేను సిఫారసు చేయను.

కాబట్టి ఏ మెష్ అన్నది వెతకడం కంటే ఎవరి చేతికి వెళ్తున్నారన్నది తెలుసుకోవడం మీకు ఎక్కువ ఉపయోగం. సర్జన్ గారిని నేరుగా అడగండి: గజ్జ గిలకకు లాప్రోస్కోపీ మీరు ఇప్పటికి ఎన్ని చేశారు, నెలకు ఎన్ని చేస్తారు, మెష్ ఏ కొలతది వేస్తారు, బిగింపులు కొడతారా, కొడితే ఎక్కడ, తర్వాత నొప్పి మిగిలితే ఎవరు చూస్తారు. ఈ ఆపరేషన్‌లో చెయ్యి తిరగడానికి కనీసం 50 నుంచి 100 వరకు చేసి ఉండాలని సాధారణంగా అంటారు. పిత్తాశయం లాప్రోస్కోపీలో వేలు చేసిన అనుభవం దీనికి సరిపోదు. మంచి సర్జన్ ఈ ప్రశ్నలకు కోపగించుకోరు. కోపగించుకుంటే మరొకరికి చూపించుకోవడమే మీకు జవాబు. రోబోతో చేస్తామని ఎవరైనా ఎక్కువ ఖర్చు చెబితే, ఇప్పటివరకు జరిగిన పోలికల్లో మామూలు లాప్రోస్కోపీ కంటే రోబో వల్ల మేలు జరిగినట్టు తేలలేదని, సమయం, ఖర్చు మాత్రం పెరిగాయని గుర్తుంచుకోండి. లాప్రోస్కోపీకి పూర్తి మత్తు కావాలి గనుక గుండె, ఊపిరితిత్తుల పరీక్షలు తప్పవు. ప్రభుత్వ పథకం కింద మీకు ఏది వర్తిస్తుందో ఆసుపత్రిలోని ఆరోగ్యమిత్రను ముందే అడగండి.

ఆపరేషన్ తర్వాత మొదటి వారాల్లో గజ్జలోనో వృషణాల సంచిలోనో మళ్ళీ ఉబ్బు కనిపిస్తే గిలక తిరగబెట్టిందని బెంబేలెత్తవద్దు. ఖాళీ అయిన చోట నీరు చేరడం సాధారణం, ఆరు నుంచి ఎనిమిది వారాల్లో అదే తగ్గిపోతుంది. సూదితో తీయించుకుంటే చీము పట్టే ప్రమాదం కొనితెచ్చుకున్నట్టే. మన ఊళ్ళలో ఆరు నెలలు బరువెత్తకూడదని, వంకాయ, గోంగూర ముట్టకూడదని చెప్పే పెద్దలు ఉంటారు. ఆ పథ్యానికీ మెష్‌కూ ఏ సంబంధమూ లేదు. బరువు విషయంలో కూడా మార్గదర్శకాలు ప్రత్యేకమైన నిషేధం ఏదీ పెట్టలేదు, నొప్పి లేనంతవరకు చేయగలిగిన పని చేసుకోవచ్చంటాయి. కాటా దగ్గరి పనికి వారం పది రోజుల్లో వెళ్ళవచ్చు, బస్తాకు చెయ్యి వేయడానికి మూడు వారాలు ఆగమని నా సలహా. నిజంగా మానవలసింది ఉంటే చుట్ట, సిగరెట్. పొగ తాగేవారిలో గిలక తిరగబెట్టే అవకాశం ఎక్కువ, దగ్గు దానికి తోడు. మలబద్ధకం లేకుండా చూసుకోండి.

ఇక మాఘమాసం దాకా ఆగవచ్చా? ఆగవచ్చు. ఇబ్బంది పెద్దగా లేని గిలకతో ఉన్న 720 మంది మగవారి మీద ఉత్తర అమెరికాలో జరిగిన పరిశోధన 2006లో వెలువడింది. సగం మందికి వెంటనే ఆపరేషన్ చేసి, సగం మందిని కనిపెట్టుకుని ఉన్నారు. ఆగినవారిలో పేగు ఇరుక్కుని అత్యవసరమైన సందర్భాలు వెయ్యి మందికి ఏడాదికి ఇద్దరి కంటే తక్కువ. అయితే ఆగినవారిలో రెండేళ్ళలో నాలుగో వంతుకు దగ్గరగా, పదేళ్ళకు 68 శాతం మంది, ఎక్కువగా నొప్పి పెరగడం వల్ల, చివరికి ఆపరేషన్ చేయించుకున్నారు. అంటే కొన్ని నెలలు ఆగడంలో ప్రమాదం చాలా తక్కువ, ఎప్పటికీ తప్పించుకోవచ్చనుకోవడంలో ఆశ ఎక్కువ. ఈ భరోసా మగవారికి మాత్రమే. ఇదే ఉబ్బు మీ ఇంట్లో ఆడవారికి కనిపిస్తే, తొడ సందులోని గిలక అయ్యే అవకాశం మగవారి కంటే ఎక్కువ, అది త్వరగా ఇరుక్కుంటుంది కాబట్టి ఆగకూడదు.

పెళ్ళి పనులయ్యాక నెల తిరగకుండా తారీఖు పెట్టించుకోండి. ఈలోగా పందిరి రాటలు, వంట గుండిగలు మోయడం కుర్రాళ్ళకు వదిలేయండి. ఉబ్బు పడుకున్నా లోపలికి పోకుండా గట్టిపడినా, ముట్టుకుంటే తట్టుకోలేనంత నొప్పి వచ్చినా, దానితో పాటు వాంతులు, పొట్ట ఉబ్బరం, గాలి మలం కదలకపోవడం కనిపించినా, నూనె రాసి లోపలికి నెట్టే ప్రయత్నం ఎవరినీ చేయనివ్వకండి. ఏమీ తినకుండా, తాగకుండా, ముహూర్తానికి గంట ముందైనా సరే, పెద్దాసుపత్రికి బయలుదేరండి.